ఫ్యాన్ ఆపి, ఆ తర్వాత స్లైడ్ పట్టుకోండి

ఒక మే నెలలో ఆలూరు దిక్కు నుంచి మా ల్యాబుకు మిఠాయి డబ్బా ఒకటి వచ్చింది. మూత తీస్తే ఇంకా నెయ్యి వాసన. లోపల దూది పరిచి, 22 గాజు స్లైడ్లు, ఒక్కోటీ విడిగా కాగితంలో చుట్టి, పైన పేరు రాసి ఉన్నాయి. పెళ్లిచీరలు సర్దినట్టు సర్దారు. బస్సులో అంతదూరం వచ్చినా ఒక్కటీ పగల్లేదు. ఒక్కటీ పనికి రాలేదు కూడా.

గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌ను ముందే పట్టుకోవడానికి తీసే పాప్ స్మియర్లు అవి. క్యాంపు పెట్టినవాళ్లు మంచివాళ్లే, వచ్చిన ఆడవాళ్లకు భోజనాలు కూడా పెట్టారట. కానీ స్లైడ్లన్నీ గాలికి ఆరిపోయాయి. ఆరినాక ఎవరో జాగ్రత్తపరులు చుట్టి పంపారు. మేం రంగు వేసి చూస్తే గాజు మీద గులాబీ మరకలే. ఆ 22 మందినీ మళ్లీ రమ్మని కబురు పెడితే తొమ్మిదిమంది వచ్చారు. మిగతా 13 మంది రాలేదు. ఒక మనిషిని ఆ బల్ల మీద పండుకోబెట్టడానికి ఆశా కార్యకర్త ఎన్నిసార్లు వాళ్ల గడప తొక్కి ఉంటుందో నేను ఊహించగలను. రెండోసారి పోతే ఆమె మాట ఎవరు వింటారు?

నేను డాక్టర్ను కాను. కర్నూలులో 29 ఏళ్లుగా సైటాలజీ స్లైడ్లకు రంగులు వేసి మైక్రోస్కోపు కింద చూసే టెక్నీషియన్ను. ఇది ముఖ్యంగా సిస్టర్లకు, ఏఎన్ఎంలకు, పల్లె క్లినిక్కుల్లో కొత్తగా చేరిన పిల్లలకు, క్యాంపులు పెట్టాలని ఉబలాటపడే పెద్దమనుషులకు రాస్తున్నాను. పరీక్షకు రాబోయే ఆడవాళ్ల కోసం మధ్యలో కొంచెం రాశాను. మిగతాది మీకు అక్కర్లేదు, అది చదివితే చాలు.

సైటాలజీ అంటే కణాలను చదవడం. బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి చూడటం, గోడలోంచి ఇటుక పెకలించి చూసినట్టు. సైటాలజీ అంటే గోడ కింద రాలిన సున్నం చూసి గోడ సంగతి చెప్పినట్టు. ముఖద్వారం పైపొర నుంచి కణాలు ఎప్పుడూ రాలుతూనే ఉంటాయి. వాటిని మెల్లగా గీకి, గాజు మీద పరిచి, రంగు వేసి చూస్తే లోపల ఏం జరుగుతోందో తెలుస్తుంది. ఈ క్యాన్సర్‌కు దాదాపు ఎప్పుడూ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. అందులో 16, 18 రకాలవే సుమారు 70 శాతం కేసులు. వైరస్ సోకిన చాలామందికి ఒంట్లో శక్తే దాన్ని తరిమేస్తుంది. తరిమేయలేని కొద్దిమందిలో కూడా అది క్యాన్సర్ కావడానికి మామూలుగా 15, 20 ఏళ్లు పడుతుంది. అంటే ఈ జబ్బు మనకు చాలా గడువు ఇస్తుంది. అంత గడువు ఇచ్చిన జబ్బును కూడా మనం స్లైడ్ ఆరబెట్టుకుని పోగొట్టుకుంటున్నాం. నా బాధంతా అదే.

మలేరియా చేయి

పల్లెల్లో పనిచేసేవాళ్లకు స్లైడ్ అంటే మొదట వచ్చింది మలేరియా స్లైడ్. వేలు గుచ్చి, రక్తం చుక్క పరిచి, ఆరబెట్టి, కాగితంలో చుట్టి పంపడం. దాన్ని ఆరబెట్టకపోతే తప్పు. వందల స్లైడ్లు అట్లా చేసిన చేయి పాప్ స్మియర్ పట్టుకున్నా అదే చేస్తుంది. ఆరబెట్టడమే శుభ్రత అనుకుంటుంది. ఆ మిఠాయి డబ్బా సర్దిన చేయి కూడా అట్లాంటిదే అయి ఉంటుంది. నేను ఆ మనిషిని తప్పు పట్టను. ఎవరూ చెప్పలేదు, అంతే.

పాప్ స్మియర్ దీనికి సరిగ్గా తలకిందులు. కణాలు తడిగా ఉండగానే ఆల్కహాల్‌లో పడాలి.

ఎందుకో తెలిస్తే చేయి తనంతట తానే మారుతుంది. కణం తడిగా ఉన్నప్పుడు ఆల్కహాల్ తగిలితే ఉన్నది ఉన్నట్టు గట్టిపడుతుంది. మధ్యలో ఉండే కేంద్రకం గుండ్రంగా, అంచులు స్పష్టంగా, లోపలి పొడి పొడి గింజలు కనిపించేట్టు నిలుస్తుంది. గాలికి ఆరితే కణం గాజుకు అతుక్కుని చదునుగా పరుచుకుంటుంది. కేంద్రకం ఉబ్బుతుంది, లోపల గింజలు అలుక్కుపోతాయి, రంగు సరిగా పట్టదు. దోసె పిండి పెనం మీద జారిపోయినట్టు.

ఇప్పుడు చూడండి చిక్కు. మేం చెడ్డ కణాన్ని గుర్తుపట్టేదే కేంద్రకం సైజును బట్టి. మామూలు మధ్యపొర కణం కేంద్రకం 35 చదరపు మైక్రాన్ల దాకా ఉంటుంది. అది రెండున్నర నుంచి మూడు రెట్లయితే అనుమానం, మూడు రెట్లు దాటితే మార్పు మొదలైందని అర్థం. ఆరిపోయిన స్లైడులో ఆరోగ్యమైన కణం కూడా ఉబ్బి అనుమానంగా కనిపిస్తుంది. నిజంగా చెడ్డ కణమేమో అలుక్కుపోయి, లోపలి నల్లటి గరుకు గింజలు కనబడక తప్పించుకుంటుంది. ఒకే తప్పు ఏమీ లేనామెను భయపెడుతుంది, ఉన్నామెను ఇంటికి పంపిస్తుంది.

ఈ పరీక్షకు పేరిచ్చిన జార్జ్ పాపనికొలావు గ్రీసు దేశస్థుడు. 1913లో అమెరికాకు పోయి, మొదట్లో బతుకుతెరువుకు తివాచీలు అమ్మాడు, భార్య మేరీ గుండీలు కుట్టింది. తర్వాత ఏళ్ల తరబడి ఆమె తన స్మియర్లు తానే ఇచ్చింది, ఆయన చూస్తూ పోయాడు. 1928లో ఈ సంగతి సభలో చెప్తే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1941లో హెర్బర్ట్ ట్రాట్‌తో కలిసి రాసిన వ్యాసం తర్వాతే లోకం కళ్లు తెరిచింది. ఆయనకంటే కొంచెం ముందే రుమేనియాలో ఆరెల్ బాబెష్ అనే డాక్టరు కూడా ముఖద్వారం నుంచి కణాలు తీసి చూశాడు. ఆయన స్లైడ్ ఆరబెట్టి వేరే రంగు వేసేవాడు. పాపనికొలావు తడిగానే ఆల్కహాల్, ఈథర్ కలిపిన ద్రావణంలో ముంచాడు. లోకమంతా ఆ తడి పద్ధతినే ఎత్తుకుంది. మేరీ గురించి ఎప్పుడు తలచుకున్నా నాకు ఒకటే అనిపిస్తుంది: పరీక్ష పేరులో ఆమె పేరు కూడా ఉండాల్సింది.

ముందు రోజు చూసుకోవాల్సినవి

ఆల్కహాల్ జాడీ మొదటిది. 95 శాతం ఇథైల్ ఆల్కహాల్. అది దొరక్కపోతే 80 శాతం ఐసోప్రొపైల్ వాడొచ్చు. చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్ పనికిరాదు, కొందరు అడిగారు కాబట్టి చెప్తున్నాను. స్లైడ్ నిలబెట్టే కాప్లిన్ జార్ అయితే మేలు, లేకుంటే మూత బిగుసుకునే వెడల్పు సీసా. ద్రవం స్లైడ్ మీద స్మియర్ ఉన్నంత మేర మునిగేట్టు ఉండాలి. మా ఎండకు మూత తీసిపెడితే మధ్యాహ్నానికి సగమవుతుంది. పైగా ఆల్కహాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నిన్నటి జాడీ ఇవాళ 95 శాతం అనుకోవద్దు. కర్నూలు ఎండాకాలంలో నేనైతే పొద్దున ఒకసారి కొత్తది పోయమంటాను.

బయాప్సీ కోసం పెట్టుకున్న ఫార్మాలిన్ సీసా ఆ బల్ల మీద నుంచి తీసేయండి. దాని ఆవిరి తగిలినా స్మియర్‌కు రంగు చెడిపోతుంది. ఇది చాలామందికి తెలియదు. పంపేటప్పుడు కూడా రెండూ ఒకే సంచిలో పెట్టి పంపుతారు.

స్లైడ్ ఒక చివర గరుకుగా ఉండే ఫ్రాస్టెడ్ రకం తీసుకోండి. ఆ గరుకు మీద మామూలు పెన్సిల్‌తో రాయాలి. బాల్‌పెన్నుతో, మార్కర్‌తో రాస్తే ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. పేరు లేని స్లైడ్ ఎంత బాగున్నా మాకు ఎవరిదో తెలియదు. పేరు, వయసు, నంబరు ముందే, మనిషి బల్ల ఎక్కకముందే రాసుకోండి. మా పల్లెల్లో ఒకే క్యాంపులో నలుగురు ఈరమ్మలు, ముగ్గురు మహబూబ్‌బీలు వస్తారు. తండ్రి పేరో భర్త పేరో కలిపి రాయండి.

ఫారంలో చివరి నెలసరి తేదీ ఖాళీగా వదలొద్దు. నెలలో ఏ రోజో, ముట్లుడిగిందో, బిడ్డకు పాలిస్తోందో, కాపర్‌టీ ఉందో, గర్భసంచి తీయించుకుందో తెలియకపోతే కణాలు తప్పుదారి పట్టిస్తాయి. ముట్లుడిగినామెలో చిన్న కణాలు మామూలే. 25 ఏళ్ల పిల్లలో అవే కనిపిస్తే ఆలోచించాల్సి వస్తుంది.

పరీక్షకు వచ్చేవాళ్లకు

“నాకేమన్నా అయితే కదా సూపిచ్చుకునేది” అని మా పిన్నమ్మ అనేది. ఈ పరీక్ష ఏమీ కానివాళ్లకే. ఏమైనా అయినవాళ్లకు వేరే పరీక్షలున్నాయి.

మన ప్రభుత్వ కార్యక్రమంలో 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకు ఐదేళ్లకొకసారి ముఖద్వారం పరీక్ష చేస్తారు. చాలాచోట్ల అది వెనిగర్ లాంటి యాసిటిక్ యాసిడ్ పూసి కంటితో చూసే పద్ధతి. పాప్ స్మియర్ అయితే మూడేళ్లకొకసారి అని లెక్క. హెచ్‌పీవీ పరీక్ష అని ఇంకోటి ఉంది, వైరస్‌నే వెతుకుతుంది, దొరికితే అది మంచిది. మీ ఊళ్లో ఏది దొరికితే అది చేయించుకోండి. ఏదో మేలైనది వస్తుందని పదేళ్లు కూచోవడం మాత్రం తప్పు.

నెలసరి రోజుల్లో రావద్దు. నెలసరి మొదలైన పదో రోజు నుంచి ఇరవయ్యో రోజు మధ్య వస్తే బాగుంటుంది. రెండు రోజుల ముందు నుంచి లోపల మందులు పెట్టుకోవడం, కడుక్కోవడం, మొగుడితో కలవడం మానేయాలి. బయట స్నానం మామూలే. కొందరు పరీక్షకు పోతున్నామని లోపల సబ్బుతో బాగా కడుక్కుని వస్తారు. మర్యాద కోసం చేసిన పనే, కానీ మేం చూడాల్సిన కణాలు కాలువలో పోతాయి.

ఎక్కువ నొప్పి ఉండదు. బిగుతుగా ఉంటుంది, గీకినట్టు ఉంటుంది, ఒక నిమిషం లోపల అయిపోతుంది. ఊపిరి బయటికి వదులుతూ కాళ్లు వదులు చేయండి. అవసరమైతే “ఒక్క నిమిషం ఆగమ్మా” అనండి. ఆపమనడం తప్పు కాదు. తర్వాత రెండు చుక్కలు రక్తం కనిపిస్తే గాబరా పడొద్దు.

గర్భసంచి తీయించుకున్నవాళ్లు చాలామంది అడుగుతారు. మన జిల్లాల్లో 35 ఏళ్లకే సంచి తీసేయించుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. ముఖద్వారంతో సహా మొత్తం తీసేసి, తీసిన కారణం క్యాన్సరూ ముందస్తు మార్పులూ కాకపోతే, ఈ పరీక్ష అవసరం లేదు. ముఖద్వారం వదిలి పైభాగమే తీసి ఉంటే అవసరమే. ఏది చేశారో ఆపరేషన్ కాగితం చూస్తే తెలుస్తుంది. ఆ కాగితం బీరువాలో చీరల కింద దాచుకోండి, పారేయొద్దు.

ఇంకో మాట. కలిసిన తర్వాత రక్తం కనిపించినా, ముట్లుడిగి ఏడాది దాటాక రక్తం కనిపించినా, కంపుకొట్టే ఎర్రబట్ట అవుతున్నా, పోయినేడు పాప్ స్మియర్ బాగుందని ఊరుకోవద్దు. స్మియర్ కొన్నిసార్లు తప్పిపోతుంది. డాక్టరమ్మ చూడాల్సిందే.

తీసేటప్పుడు

యాసిటిక్ యాసిడ్ పరీక్ష కూడా అదే రోజు చేయాలనుకుంటే స్మియర్ ముందు, యాసిడ్ తర్వాత. లోపల తెరిచి పట్టే స్పెక్యులంను గోరువెచ్చని నీళ్లలో తడిపితే చాలు. జెల్లీ తెగ పూస్తే అది స్లైడ్ మీదికి వచ్చి కణాలను కప్పేస్తుంది.

ముఖద్వారం కనబడాలి. కనబడకుండా అందాజుగా గీకితే యోని గోడ కణాలు వస్తాయి, అవి మాకు అక్కర్లేదు. మాకు కావాల్సింది బయటి పొర, లోపలి పొర కలిసే సరిహద్దు. మార్పులు అక్కడే మొదలవుతాయి. స్పాచులా అంటే గీకే చెక్క పుల్ల, దాని పొడుగు మొన రంధ్రంలో నిలిపి, కొంచెం ఒత్తుతూ ఒక చుట్టు పూర్తిగా తిప్పండి. సగం చుట్టు తిప్పితే సగం సరిహద్దే వచ్చినట్టు. ముట్లుడిగినవాళ్లలో ఆ సరిహద్దు లోపలికి జరిగిపోతుంది కాబట్టి చిన్న బ్రష్ కూడా వాడాలి. పావు చుట్టు, మహా అయితే అర చుట్టు తిప్పితే చాలు. ఎక్కువ తిప్పితే రక్తం వస్తుంది. అందుకే స్పాచులా ముందు, బ్రష్ వెనక.

ఇక్కడే ఒక దొంగ ఉన్నాడు. స్పాచులాతో తీసింది స్లైడ్ మీద పూసి, పక్కన పెట్టి, బ్రష్ తీయడానికి వంగుతారు. బ్రష్ పని అయ్యేసరికి మొదటిది ఆరిపోయింది. రెండింటికీ రెండు స్లైడ్లు పెట్టుకోండి. మొదటిది జాడీలో పడ్డాకే బ్రష్ చేతికి తీసుకోండి. “రెండు స్లైడ్లు ఎందుకక్కా, ఖర్చు” అని ఒక సిస్టర్ అడిగింది. ఆమెను రెండోసారి రప్పించడానికి పోయే ఖర్చు కంటే ఒక గాజు పలక ఎక్కువ కాదు.

పూసేటప్పుడు స్పాచులా రెండు వైపులా ఉన్నదంతా ఒక్క పొడుగాటి గీతలో, పలచగా లాగండి. ముందుకూ వెనక్కూ రుద్దితే కణాలు చితికిపోతాయి. బ్రష్‌ను లాగకూడదు, స్లైడ్ మీద దొర్లించాలి, చపాతీ కర్ర లాగా.

ఇప్పుడు ఫ్యాన్.

మే నెలలో కర్నూలులో ఫ్యాన్ ఆపమంటే ఎవరికైనా కోపం వస్తుంది. నాకూ వస్తుంది. బయట 42 డిగ్రీలు, లోపల కర్టెన్ కట్టిన చిన్న గది, బల్ల మీద పండుకున్న మనిషికి చెమటలు. అయినా పలచగా పూసిన స్మియర్ నెత్తిన ఫ్యాన్ తిరుగుతుంటే మూడు నాలుగు సెకన్లలో అంచుల నుంచి ఆరడం మొదలవుతుంది. నేను ఒకసారి గడియారం పట్టుకుని చూశాను. కిటికీ తెరిచి ఉన్నా అంతే. స్పాచులా బయటికి తీసే ముందు ఫ్యాన్ ఆపండి, జాడీలో పడ్డాక వేయండి. మధ్యలో అర నిమిషం. జాడీ మూత ముందే తీసి, కుడిచేతికి అందేట్టు ఉండాలి. గది ఆ మూలన బల్ల మీద జాడీ పెట్టుకుని నడిచిపోయేవాళ్లను చూశాను. నాలుగడుగులు నడిస్తే నాలుగు సెకన్లు. సాయం చేసే మనిషి ఉంటే ఆమె చేతిలో జాడీ పట్టుకుని నిలబడితే ఇంకా మేలు.

స్లైడ్‌ను ఒక్కసారిగా దించండి, మెల్లమెల్లగా ముంచొద్దు. కనీసం 15 నిమిషాలు, వీలైతే అరగంట ఉండాలి. రెండు మూడు రోజులు అందులోనే ఉన్నా ఏమీ కాదు. ఒకే జాడీలో నలుగురివి పెడితే స్మియర్లు ఒకదానికొకటి రాసుకోకుండా చూడండి.

జాడీ బదులు కణాలను గట్టిపరిచే స్ప్రే వాడేవాళ్లు అడుగు దూరం నుంచి కొట్టండి. దగ్గర పెట్టి కొడితే ఆ ఊపుకు కణాలన్నీ ఒక మూలకు పోతాయి. స్ప్రే కొట్టిన స్లైడ్ మాత్రం తర్వాత ఆరబెట్టుకోవచ్చు. దాని మీద మైనం లాంటి పొర పట్టి కణాలను కాపాడుతుంది. స్ప్రే కొట్టారని ఫారంలో రాయండి, రంగు వేసే ముందు ఆ మైనం మేం కడగాలి.

పంపడం గురించి ఎక్కువ చెప్పను. అరగంట తడిసిన స్లైడ్‌ను బయటికి తీసి ఆరనిచ్చి పంపినా ఫరవాలేదు, అప్పటికి కణం గట్టిపడింది. ప్లాస్టిక్ స్లైడ్ పెట్టెల్లో పెట్టండి. మిఠాయి డబ్బాలు వద్దు, చీమలు పడతాయి.

ల్యాబులో మా పని

ముందు హెమటాక్సిలిన్ అనే రంగు, కేంద్రకాలను నీలంగా చేస్తుంది. దాన్ని నీలానికి తిప్పడానికి కొంచెం క్షారం ఉన్న నీళ్లు కావాలి. మా బోరు నీళ్లు పప్పు ఉడకనివ్వవుగానీ ఈ పనికి బంగారం. తర్వాత ఆరెంజ్‌జీ, ఆ తర్వాత ఈఏ అనే రంగుల మిశ్రమం. చివరికి పైపొర ముదురు కణాలు గులాబీగా, వాటి కింది పొరవి నీలిపచ్చగా వస్తాయి. బాగా వచ్చిన స్లైడ్ చూస్తే పెళ్లిపందిట్లో కాగితప్పూలు గుర్తొస్తాయి నాకు.

పది రెట్ల లెన్సు కింద ఒక మూల నుంచి మొదలుపెట్టి, దున్నినట్టు చాలు చాలుగా, ఒక చాలు అంచు ఇంకో చాలు మీద పడేట్టు చూసుకుంటూ పోతాం. మామూలు స్లైడులో కనీసం 8 వేల నుంచి 12 వేల పైపొర కణాలు స్పష్టంగా కనబడితేనే సరిపోయినట్టు. 75 శాతానికి మించి రక్తం, చీము కప్పేస్తే అది లెక్కలోకి రాదు. తీవ్రంగా మారిన కణాలు పెద్దగా, భయంకరంగా ఉంటాయని కొత్త పిల్లలు అనుకుంటారు. ఉండవు. చిన్నవి, నల్లనివి, జిగురులో చీమల బారులా ఉంటాయి. కన్ను అలసిపోతే దాటిపోతుంది. అమెరికాలో ఒక మనిషి రోజుకు 100 స్లైడ్లకు మించి చూడకూడదని చట్టమే ఉంది. అందుకే నేను అరగంటకోసారి లేచి కిటికీలోంచి వేపచెట్టు చూడటం బద్ధకం కాదని మా వాళ్లకు చెప్తుంటాను. అనుమానం వచ్చిన కణం పక్కన పెన్నుతో చుక్క పెట్టి పెథాలజీ డాక్టరుకు పంపుతాం. ఆఖరి మాట వాళ్లదే.

రిపోర్టు చేతికొచ్చాక

రిపోర్టులు బెథెస్డా పద్ధతిలో వస్తాయి, అంటే కణాల మార్పును తరగతులుగా రాసే పద్ధతి. నిల్మ్ (NILM) అని ఉంటే చెడ్డ మార్పులు కనబడలేదని. దాని కిందే ట్రైకోమోనాస్ అనో, క్యాండిడా అనో ఉండొచ్చు. అవి ఇన్ఫెక్షన్లు. మందులతో పోతాయి, తెల్లబట్టకు చాలాసార్లు కారణం అవే.

యాస్కస్ (ASC-US) అంటే అనుమానం, తేల్చి చెప్పలేం అని. ఎల్‌సిల్ (LSIL) అంటే తేలికపాటి మార్పు, వైరస్ పని చేస్తోందని గుర్తు, చాలామందిలో తనంతట తానే తగ్గిపోతుంది. ఈ రెండింటికీ మళ్లీ పరీక్షో, హెచ్‌పీవీ పరీక్షో డాక్టరు చెప్తారు. హెచ్‌సిల్ (HSIL), అంటే తీవ్రమైన మార్పు, వస్తే ఆలస్యం వద్దు. కాల్పోస్కోపు అనే భూతద్దంతో ముఖద్వారాన్ని చూసి, అవసరమైతే చిన్న ముక్క తీస్తారు. హెచ్‌సిల్ అంటే క్యాన్సర్ కాదు, దాని ఇంటి గుమ్మం. అక్కడే ఆపేస్తే చిన్న చికిత్సతో పోతుంది. సిస్టర్లూ, ఈ మూడు నాలుగు మాటలనూ ఒకే గొంతుతో చెప్పకండి. యాస్కస్ వచ్చినామెకు హెచ్‌సిల్ చెప్పినంత భయం పెడితే ఆమె మళ్లీ రాదు. హెచ్‌సిల్ వచ్చినామెకు యాస్కస్ చెప్పినంత తేలిగ్గా చెబితే ఆమె కూడా రాదు.

అన్సాటిస్ఫ్యాక్టరీ అని వస్తే అది జబ్బు పేరు కాదు. స్లైడ్ పనికిరాలేదని. తప్పు ఆమెది కాదని ఆమెకు నోరు తెరిచి చెప్పండి.

ఇప్పుడు రిజిస్టరు. మన పడమటి మండలాల్లో, కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం దిక్కు, సంక్రాంతి దాటితే ఊళ్లకు ఊళ్లు సుగ్గికి పోతాయి, గుంటూరు దిక్కు మిరపకాయ కోతలకు. తిరిగొచ్చేది ఉగాదికో, ఆ తర్వాతో. జనవరిలో క్యాంపు పెడితే రిపోర్టు వచ్చేసరికి ఇంటికి తాళం. అందుకే ఆ ఊళ్లకు అక్టోబరు, నవంబరు నెలల్లోనే పెట్టండి, పత్తి తీతలకు అడ్డం వచ్చినా సరే. రిజిస్టరులో ఒక గడి గీయండి: సుగ్గికి ఎప్పుడు పోతారు, ఎక్కడికి, ఎవరి గుంపులో. ఫోను నంబరు పక్కన ఆ ఫోను ఎవరిదో రాయండి. ఎక్కువగా మొగుడిదో కొడుకుదో అవుతుంది. దానికి ఫోన్ చేసి జబ్బు పేరు చెప్పొద్దు.

పోయినసారి ఒకామెకు హెచ్‌సిల్ వచ్చింది. ఇచ్చిన నంబరు స్విచాఫ్. ఆశా కార్యకర్త ఊళ్లో విచారిస్తే ఆమె పని చేసే గుంపు మేస్త్రీ నంబరు దొరికింది. “హాస్పిటల్ నుంచి మాట్లాడతాండాం, ఆయమ్మతో ఒక మాట చెప్పాల” అని మాత్రమే అన్నాం, ఎందుకో చెప్పలేదు. మేస్త్రీ పొలం గట్టున ఫోన్ ఆమె చేతికిచ్చాడు. ఉగాదికి వస్తానంది. పండగ అయిన మూడో రోజు, చేతులింకా మిరప ఘాటుకు మండుతుంటే, వచ్చి కూచుంది. మేస్త్రీ నంబరు కూడా రాసుకోండి.